నునుపైన చిత్రమే మంచి చిత్రమా?
సీటీ స్కాన్ నాణ్యతను కొలిచే మనిషి కన్ను, కంప్యూటర్ కన్ను

ఒక ధర్మాసుపత్రికి సీటీ స్కాన్ యంత్రం కొనడానికి కమిటీ కూర్చుందనుకుందాం. కంపెనీ ప్రతినిధి బల్ల మీద రెండు చిత్రాలు పెడతాడు. రెండూ ఒకే మనిషి కడుపు చిత్రాలు. మొదటిది ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. రెండోది నున్నగా, కంటికి ఇంపుగా ఉంది. "మా కొత్త సాఫ్ట్‌వేర్ చూడండి సార్, సగం రేడియేషన్‌తోనే ఇంత చక్కటి చిత్రం" అంటాడు ప్రతినిధి. కమిటీలో అందరూ రెండో చిత్రాన్నే చూపిస్తారు. డబ్బు ఇచ్చే దాతకూ అదే నచ్చుతుంది.

అప్పుడు ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "ఈ కాలేయంలో శనగగింజంత గడ్డ ఉంటే, ఈ రెండింటిలో దేనిలో కనబడుతుంది?"

గరుకు చిత్రంలో కనబడి, నున్నటి చిత్రంలో చెరిగిపోయిందనుకోండి, మన కంటికి నచ్చిన యంత్రం రోగికి పనికిరానట్టే. రెండింటిలోనూ ఒకే తీరుగా కనబడితే, సగం రేడియేషన్‌తో పని జరిగినందుకు సంతోషించాలి. ఈ రెండు మాటల్లో ఏది నిజమో చిత్రాన్ని చూసి ముచ్చటపడితే తెలియదు. కొలవాలి. దాన్ని ఎలా కొలుస్తారో, మనిషి కన్నుతో పాటు కంప్యూటర్‌ను కూడా పరీక్షకుడిగా ఎందుకు కూర్చోబెట్టవలసి వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. వైద్య పరికరాలకు విరాళాలిచ్చే పెద్దలకు ఈ సంగతి తెలిస్తే, వారి రూపాయికి ఇంకా విలువ పెరుగుతుంది.

చినుకుల లెక్క

1971 అక్టోబరు 1న లండన్ నగరంలోని వింబుల్డన్ ప్రాంతంలో ఉన్న అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళ మెదడును తొలిసారిగా సీటీ స్కాన్ చేశారు. ఆ యంత్రాన్ని తయారుచేసినవాడు ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. అవసరమైన గణితాన్ని అంతకుముందే విడిగా రాసి పెట్టిన అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు 1979లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తొలి చిత్రంలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులు మాత్రమే ఉండేవి. నేటి చిత్రాల్లో సాధారణంగా అడ్డం 512, నిలువు 512 గడులు ఉంటాయి.

యంత్రం చేసే పని చెప్పాలంటే సులువే. ఎక్స్‌రే గొట్టం శరీరం చుట్టూ తిరుగుతుంది. ప్రతి కోణం నుంచీ కిరణాలు శరీరం గుండా దూసుకుపోతాయి. అటువైపు ఎన్ని బయటపడ్డాయో డిటెక్టర్లు లెక్కపెడతాయి. ఆ లెక్కలన్నిటినీ కంప్యూటర్ కూర్చి, లోపల ఏ చోట ఎంత సాంద్రత ఉందో గడి గడికీ ఒక అంకె వేస్తుంది. హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఆ అంకెల కొలమానం ఉంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఎముక వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాటి ఉంటుంది. ఆ అంకెలనే తెలుపు నలుపు ఛాయలుగా మార్చి మనకు చూపిస్తారు.

చిక్కంతా మెత్తటి అవయవాల దగ్గర వస్తుంది. కాలేయానికీ, అందులో పుట్టిన చిన్న కణితికీ మధ్య తేడా ఒక్కోసారి పది, ఇరవై యూనిట్లు మించదు. సాధారణ కడుపు స్కాన్‌లో గడికీ గడికీ మధ్య ఉండే ఒడిదుడుకు కూడా దాదాపు అంతే ఉంటుంది. ఆ ఒడిదుడుకునే సాంకేతిక నిపుణులు నాయిస్ అంటారు. చిత్రం మీద ఇసుక చల్లినట్టు కనిపించేది అదే.

ఇది ఎందుకు వస్తుందో తెలుసుకోవాలంటే వాన మొదలైనప్పుడు ఇంటి వాకిలి చూడండి. తొలి చినుకులు పడేటప్పుడు ఒక బండ మీద నాలుగు పడతాయి, పక్క బండ మీద తొమ్మిది పడతాయి. వాన అన్ని చోట్లా ఒకటే అయినా బండకూ బండకూ పొంతన ఉండదు. జోరు వాన పడ్డాక ఆ తేడా లెక్కలోకి రాదు, వాకిలంతా ఒకేలా తడుస్తుంది. ఎక్స్‌రే కిరణాలు కూడా చినుకుల్లాగే పడతాయి. తక్కువ కిరణాలు వాడితే చిత్రం గరుకు, ఎక్కువ వాడితే నునుపు. లెక్క ప్రకారం మోతాదు సగం చేస్తే నాయిస్ సుమారు 1.4 రెట్లవుతుంది. నాయిస్ సగానికి తగ్గాలంటే మోతాదు నాలుగు రెట్లు పెంచాలి.

మరి ఎక్కువ కిరణాలే వాడితే పోలేదా?

పోదు. ఆ చినుకులు పడేది మనిషి మీద. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి అందే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఒక కడుపు సీటీ స్కాన్‌తో సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. అంటే మూడు, నాలుగేళ్ల ప్రకృతి వాటా ఒక్క పూటలో అందినట్టు. మామూలు ఛాతీ ఎక్స్‌రేతో అందేది 0.1 మిల్లీసీవర్ట్‌కు మించదు.

పెద్దల కంటే పిల్లల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. చిన్నతనంలో సీటీ స్కాన్ చేయించుకున్న బ్రిటన్ పిల్లల రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలించి, 2012లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్లలోపు పిల్లల్లో 10,000 తల స్కాన్‌లకు, తొలి స్కాన్ తర్వాతి పదేళ్లలో ఒక లుకేమియా, ఒక మెదడు కణితి అదనంగా వస్తాయని అందులో అంచనా వేశారు. ఈ అంకె చూసి భయపడి, డాక్టరు అవసరమని రాసిన స్కాన్ మానుకోకూడదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడికి లోపల రక్తం గడ్డకట్టిందో లేదో తెలియకపోవడం దానికంటే ఎంతో పెద్ద ప్రమాదం. ఆ అధ్యయనం చేసినవారు కూడా స్కాన్ వల్ల మేలే ఎక్కువని, మోతాదు మాత్రం వీలైనంత తగ్గించాలని రాశారు.

కాబట్టి ఇది రెండు వైపులా పదునున్న కత్తి. మోతాదు పెంచితే వెయ్యిమందిలో ఎవరికో ఎప్పుడో హాని. మరీ తగ్గిస్తే ఈరోజు బల్ల మీద పడుకున్న ఈ రోగి గడ్డే కనబడకుండా పోతుంది. ఎంత వరకు తగ్గించవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే "చిత్రం బాగుంది" అన్న మాట చాలదు.

బియ్యంలో తెల్ల రాయి

చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరడం మనకు తెలిసిన పనే. నల్ల రాయి అయితే చూపు మరల్చకుండానే దొరుకుతుంది. తెల్ల రాయి అయితే వెతకాలి. రాయి పెద్దదైతే సులువు, నూకంత ఉంటే కష్టం. బియ్యంలో నూక, తవుడు, ఊక ఎక్కువగా ఉంటే ఇంకా కష్టం. స్కాన్ చదవడమూ సరిగ్గా ఇదే. గడ్డ ఎంత పెద్దది, చుట్టుపక్కలతో పోలిస్తే ఎంత తేడాగా ఉంది, చుట్టూ ఎంత గజిబిజి ఉంది అన్న మూడింటి మీద అది కనబడటం ఆధారపడి ఉంటుంది.

నాలుగోది కూడా ఉంది: ఏరేది ఎవరు? అత్త ఏరితే అనుమానం వచ్చిన ప్రతి గింజనూ పారేస్తుంది. రాళ్లన్నీ పోతాయి, దాంతో పాటు గుప్పెడు మంచి బియ్యమూ పోతుంది. కోడలు ఖాయంగా రాయి అనుకున్నదే తీస్తుంది. బియ్యం వృథా కాదు గాని, అన్నంలో ఒకటి రెండు పంటికింద పడతాయి. ఇద్దరి కళ్లూ ఒకేలా పనిచేస్తుండవచ్చు. పట్టింపులో తేడా ఉంది, అంతే. అందుకని "ఎన్ని రాళ్లు దొరికాయి" అని మాత్రమే అడిగితే ఎవరి చూపు మెరుగో తేలదు. "ఎన్ని మంచి గింజలు పారేశారు" అని కూడా అడగాలి.

చూడటమంటే కంట్లో బొమ్మ పడటం మాత్రమే కాదన్న సంగతి కొత్తది కాదు. వేయేళ్ల క్రితం బస్రాలో పుట్టి, కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ తన కితాబ్ అల్ మనాజిర్ గ్రంథంలో దీన్ని వివరంగా చర్చించాడు. వస్తువు నుంచి వచ్చిన వెలుగు కంటిని చేరుతుంది. కాని అది ఫలానా వస్తువు అని గుర్తించడానికి మనసు పోల్చుకోవాలి, తీర్పు చెప్పాలి. అక్కడే పొరపాట్లూ జరుగుతాయి. ఆ గ్రంథంలో ఒక భాగాన్ని ఆయన చూపు చేసే తప్పులకే కేటాయించాడు. నేటి పరిశోధకులు చిత్రం నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు పరిశీలకుడిని కూడా లెక్కలోకి తీసుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఇరవయ్యో శతాబ్దంలో దీనికి అంకెలు వచ్చాయి. అమెరికాలోని ఆర్‌సీఏ ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ రోజ్ 1948లో ఒక సూత్రం చెప్పాడు. వెతికే వస్తువు నుంచి వచ్చే సంకేతం, నాయిస్ కంటే సుమారు ఐదు రెట్లుంటే దాన్ని నమ్మకంగా గుర్తించవచ్చని దాని సారం. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఒక్క గడి నాయిస్ కాదు, వస్తువు పరుచుకున్న మొత్తం మేర. అందుకే తేడా తక్కువైనా పెద్ద గడ్డ కనబడుతుంది, చిన్నది తప్పిపోతుంది.

అత్తా కోడళ్ల పట్టింపు సమస్యకు పరిష్కారం రాడార్ గదుల వైపు నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర మీద కనిపించే చుక్క శత్రు విమానమా, పక్షుల గుంపా అని తేల్చవలసి వచ్చేది. ఆ అనుభవంలోంచి పుట్టిన లెక్కనే ఆర్‌ఓసీ వక్రరేఖ అంటారు. పరిశీలకుడు తన పట్టింపును కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతే, సరిగ్గా పట్టుకున్నవి ఎన్ని, ఉత్త అనుమానాలు ఎన్ని అన్నవి ఒక రేఖగా గీస్తారు. రేఖ కింద ఉన్న వైశాల్యమే అతని అసలు చూపు. గుడ్డిగా ఊహిస్తే 0.5, ఎన్నడూ తప్పకపోతే 1. ఈ పద్ధతిని 1960ల్లో లీ లస్టెడ్ రేడియాలజీలోకి తెచ్చాడు. ఆ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ మెట్జ్ దాన్ని వైద్యులందరూ వాడుకునేలా తీర్చిదిద్దాడు.

మనిషితో పరీక్ష

ఇప్పుడు పరీక్ష ఎలా జరుగుతుందో చూద్దాం. మనిషిని వందసార్లు స్కాన్ చేయలేం కదా. అందుకని శరీరాన్ని పోలిన ప్లాస్టిక్ దిమ్మె చేస్తారు. దాని పేరు ఫాంటమ్. లోపల కాలేయానికి దగ్గరగా ఉండే పదార్థం, అందులో రంగు తేడా దాదాపు తెలియని చిన్న చిన్న కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీలే మన కణితులు. వాటిని ఎక్కడ పెట్టారో ముందే తెలుసు కాబట్టి, చూసినవారు చెప్పిన జవాబు సరైనదో కాదో వెంటనే తేలిపోతుంది. నిజమైన రోగి విషయంలో ఆ సౌకర్యం లేదు.

ఫాంటమ్‌ను ఒకే మోతాదు మీద పదేపదే స్కాన్ చేస్తారు. తర్వాత పరిశీలకుడి ముందు రెండు చిత్రాలు పక్కపక్కన పెడతారు. ఒకదానిలో కడ్డీ ఉంది, రెండోదానిలో లేదు. "ఉన్నది ఎందులో?" అన్నదే ప్రశ్న. తెలియదు అనడానికి వీల్లేదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఊరికే ఊహించినా వందకు యాభై సరిపోతాయి. తొంభై దాటితే బాగా కనబడుతున్నట్టు. ఈ ఏర్పాటులో అత్త పట్టింపు, కోడలి పట్టింపు అన్న గొడవ లేదు. ఇక్కడ వచ్చే శాతం, ఆర్‌ఓసీ రేఖ కింది వైశాల్యం సిద్ధాంతరీత్యా ఒకటే.

పద్ధతి బాగుంది. కాని గుణకారం వేసి చూడండి. ఐదు మోతాదులు, మూడు సైజుల కడ్డీలు, చిత్రాన్ని తయారుచేసే రెండు రకాల సాఫ్ట్‌వేర్లు అనుకుంటే 30 పరిస్థితులు. ఒక్కోదానికి 100 జతలు చూస్తే 3,000 జతలు. నలుగురు చూడాలంటే 12,000 తీర్పులు. చీకటి గదిలో, ఒకే దూరంలో కూర్చుని, మధ్య మధ్య విశ్రాంతి తీసుకుంటూ చేయవలసిన పని ఇది. ఉదయం పట్టుకున్నది సాయంత్రం అలసిన కంటికి తప్పిపోతుంది. అదే జతను మళ్లీ చూపిస్తే అదే మనిషి వేరే జవాబు చెప్పడం కూడా మామూలే. నిజమైన ఆసుపత్రిలోనైతే ఛాతీకి, కడుపుకు, తలకు, పిల్లలకు, స్థూలకాయులకు వేరువేరు అమరికలుంటాయి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా రేడియాలజిస్టులను పిలిచి ఇన్ని వేల జతలు చూడమనడం జరిగే పని కాదు.

అందుకే మనిషి స్థానంలో కూర్చుని చిత్రాన్ని చూసే ఒక గణిత పరిశీలకుడు కావలసి వచ్చాడు. అతనికే మోడల్ అబ్జర్వర్ అని పేరు.

కంప్యూటర్ కన్ను ఎలా చూస్తుంది?

రోగం పేరు చెప్పే కృత్రిమ మేధ వేరు, మోడల్ అబ్జర్వర్ వేరు. ఇది రోగిని పరీక్షించదు. యంత్రాన్ని, దాని అమరికలను పరీక్షిస్తుంది. కడ్డీ ఉందా లేదా అన్న ఒకే ప్రశ్నకు, చిత్రంలోని అంకెలన్నీ తూచి ఒక స్కోరు ఇస్తుంది. కడ్డీ ఉన్న చిత్రాల స్కోర్లు, లేని చిత్రాల స్కోర్లు ఎంత దూరంగా విడిపోతే చిత్రం ఆ పనికి అంత మంచిదన్నమాట.

చిత్రంలో ఉన్న సమాచారాన్నంతా పిండుకోగల పరిశీలకుడిని ఆదర్శ పరిశీలకుడు అంటారు. అతన్ని మించి ఎవరూ చూడలేరు. ఆర్థర్ బర్జెస్, ఆయన సహచరులు 1981లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, నాయిస్ మధ్య ఉన్న సంకేతాన్ని గుర్తించడంలో మనిషి సామర్థ్యం తగిన పరిస్థితుల్లో ఆదర్శ పరిశీలకుడి సామర్థ్యంలో 50 శాతం దాటుతుందని చూపారు. అంటే మన కన్ను మరీ తీసిపోయినదేమీ కాదు. అయినా ఆదర్శానికి కొంత దిగువనే ఉంటుంది. యంత్రాన్ని ఆదర్శ పరిశీలకుడితో పరీక్షిస్తే "కనబడుతుంది" అని వస్తుంది, అక్కడ కూర్చున్న డాక్టరుకు మాత్రం కనబడదు. అందుకని మనకు కావలసింది మనిషి ఎంత చూడగలడో అంతే చూసే కంప్యూటర్.

హెరాల్డ్ హోటెలింగ్ అనే గణాంక శాస్త్రవేత్త 1931లో రెండు గుంపుల మధ్య తేడాను కొలిచే ఒక పద్ధతి చెప్పాడు. గుంపుల సగటుల మధ్య తేడాను మాత్రమే కాకుండా, అంకెలు ఒకదానితో ఒకటి ముడిపడి ఎలా ఊగుతున్నాయో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. చిత్రాలకు ఇది బాగా నప్పుతుంది. ఎందుకంటే సీటీ నాయిస్‌లో పక్కపక్క గడులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అయితే 64 గడులు అడ్డం, 64 నిలువు ఉన్న చిన్న ముక్క తీసుకున్నా 4,096 అంకెలు. వాటి మధ్య ముడుల పట్టికలో 1.67 కోట్లకు పైగా గళ్లు. దాన్ని సరిగ్గా నింపడానికి వేల సంఖ్యలో స్కాన్‌లు కావాలి.

దారి మన మెదడే చూపించింది. మెదడులో చూపుకు సంబంధించిన భాగంలో ఒక్కో కణం ఒక్కో దిశలో ఉన్న గీతకు స్పందిస్తుందని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ కనుగొన్నారు. దానికి వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మెదడు బొమ్మను గడి గడిగా చూడదు, కొన్ని జల్లెళ్లలో వేసి చూస్తుంది. సన్న గీతలకు ఒక జల్లెడ, ముతక మచ్చలకు ఒకటి, నిలువుకు ఒకటి, వాలుకు ఒకటి. 1987లో కైల్ మయర్స్, హారిసన్ బారెట్ ఈ జల్లెళ్ల ఆలోచనను గణిత పరిశీలకుడికి చేర్చారు. ఇప్పుడు 4,096 అంకెలకు బదులు, ఉదాహరణకు 40 జల్లెళ్ల నుంచి వచ్చిన 40 అంకెలు చూస్తే చాలు. ముడుల పట్టిక 1,600 గళ్లకు దిగుతుంది. వంద, రెండు వందల స్కాన్‌లతో పని గడుస్తుంది. సీటీ పరీక్షల్లో విరివిగా వాడుతున్న చానెలైజ్డ్ హోటెలింగ్ అబ్జర్వర్ ఇదే.

ఇంకొక్క మెట్టు మిగిలింది. కంప్యూటర్ అలిసిపోదు, తడబడదు. అదే చిత్రానికి ఎప్పుడూ అదే స్కోరు. మనిషి అలా కాదు. అందుకని మోడల్ స్కోరులో కొంత తడబాటును కావాలనే కలుపుతారు. దాన్ని అంతర్గత నాయిస్ అంటారు. ఒక పరిస్థితిలో మనుషుల ఫలితంతో సరిపోయేదాకా దాన్ని సర్దుతారు. తర్వాత మిగతా పరిస్థితుల్లో కంప్యూటర్, మనుషులు ఒకే మాట చెబుతున్నారా అని చూస్తారు. తూకం రాయిని అసలు రాయితో సరిచూసి ముద్ర వేయడం లాంటిదే ఈ పని. ముద్ర లేని రాయితో తూచిన సరుకును ఎవరు నమ్ముతారు?

సరిచూసినప్పుడు ఏమి తేలింది?

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2013లో ఇలాంటి పరీక్ష ఫలితాలను మెడికల్ ఫిజిక్స్ పత్రికలో ప్రచురించారు. మూడు సైజుల కడ్డీలున్న ఫాంటమ్‌ను ఐదు మోతాదుల మీద, ఒక్కో మోతాదుకు 100 సార్లు స్కాన్ చేశారు. పాత పద్ధతి సాఫ్ట్‌వేర్‌తోనూ, కొత్త ఇటరేటివ్ పద్ధతితోనూ చిత్రాలు తీశారు. నలుగురు మెడికల్ ఫిజిసిస్టులు జతలు చూసి తీర్పులిచ్చారు. అవే చిత్రాలను మోడల్ అబ్జర్వర్‌కూ ఇచ్చారు. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ మనుషుల ఫలితాలు, మోడల్ ఫలితాలు దాదాపు ఒకే బాటలో నడిచాయి. సంబంధ గుణకం 0.98 దాటింది. పూర్తిగా ఏకీభవిస్తే వచ్చేది 1.

దీని వల్ల మేలు ఏమిటంటే, ఆ తరహా పరీక్షలో మనుషులు రోజుల తరబడి చేయవలసిన పనిని కంప్యూటర్ కొద్దిసేపట్లో చేసి, నమ్మదగిన జవాబు ఇవ్వగలదు. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లో సీటీ యంత్రాల పరీక్షకు విడుదల చేసిన నివేదికలో కూడా, నాయిస్ అంకెతో సరిపెట్టుకోకుండా, చేయవలసిన పనిని బట్టి చిత్రాన్ని కొలవాలన్న పద్ధతికి చోటిచ్చింది.

ఇక మొదట్లో చూసిన రెండు చిత్రాల దగ్గరకు వద్దాం. నున్నటి చిత్రం ఎలా వచ్చింది? పాత రోజుల్లో ఫోటో స్టూడియోలో మొహం మీది మచ్చలను టచింగ్ చేసి పోగొట్టేవారు. మొహం నిగనిగలాడేది. కాని గుర్తింపుకు ఆధారమైన పుట్టుమచ్చ కూడా అందులోనే పోయేది. సాఫ్ట్‌వేర్ నాయిస్‌ను తగ్గించేటప్పుడు అదే ప్రమాదం ఉంది. గరుకుతనం తగ్గినంత మాత్రాన సమాచారం పెరిగినట్టు కాదు. ఇటరేటివ్ పద్ధతులు మంచివే. ఎముక, ఊపిరితిత్తుల గాలి వంటి పెద్ద తేడాలున్న చోట అవి మోతాదును బాగా తగ్గించనిస్తాయి. కాని కాలేయంలో మసక గడ్డల వంటి చిన్న తేడాల దగ్గర, చిత్రం ఎంత నున్నగా కనబడుతుందో అంత మేర మోతాదు తగ్గించడానికి వీలు కాదని పరీక్షల్లో పదేపదే తేలింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన డీప్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్లు చిత్రాలను ఇంకా అందంగా ఇస్తున్నాయి. వాటినీ ఇదే పరీక్షకు నిలబెట్టాలి.

కంప్యూటర్ కన్నుకూ హద్దులున్నాయి. ఫాంటమ్ లోపల అంతా సమంగా ఉంటుంది. నిజమైన కాలేయంలో రక్తనాళాలు, కొవ్వు, పాత మచ్చలు ఉంటాయి. పరీక్షలో గడ్డ ఎక్కడ ఉండవచ్చో మోడల్‌కు ముందే చెబుతారు. డాక్టరు మాత్రం వందల చిత్రాలు తిరగేస్తూ, ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియకుండా వెతకాలి. రోగి చరిత్ర, రక్తపరీక్షలు, పాత స్కాన్‌లు పోల్చి చూసే అనుభవం మోడల్‌కు లేదు. అందుకే ఈ పరీక్ష తుది తీర్పు కాదు, వడపోతలో మొదటి జల్లెడ. కంప్యూటర్‌తో వందల అమరికలను వడగట్టి, మిగిలిన కొన్నింటిని రేడియాలజిస్టుల ముందు పెట్టడం సరైన క్రమం.

దాతలు అడగవలసిన నాలుగు మాటలు

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. దాతల సొమ్ము అమానత్. దానితో కొన్న యంత్రం కింద పడుకునేవాడికి ప్రశ్నలడిగే స్తోమత ఉండదు. కాబట్టి అతని తరఫున మనమే అడగాలి.

మొదటిది: "ఎన్ని స్లైసులు?" అన్న ప్రశ్నతో ఆగవద్దు. 64, 128 అన్న అంకెలు గొట్టం ఒక్కసారి తిరిగితే ఎంత వేగంగా, ఎంత మేర స్కాన్ అవుతుందన్నదానికి సంబంధించినవి. మసక గడ్డ కనబడుతుందా అన్నదానికి అవి జవాబు కావు. ఏ మోతాదు మీద, ఎంత సైజు, ఎంత తేడా ఉన్న కడ్డీ కనబడింది, చూసినవారు మనుషులా, మోడలా అని రాతపూర్వకంగా అడగాలి. పాత యంత్రాన్ని బాగుచేయించి కొంటున్నప్పుడు ఇది మరీ అవసరం.

రెండోది: ప్రతి సీటీ స్కాన్‌కూ యంత్రమే మోతాదు అంకెలను తెర మీద చూపిస్తుంది. వాటిని నమోదు చేస్తున్నారా? పిల్లలకు వేరే అమరికలు ఉన్నాయా, లేక పెద్దల అమరికలతోనే కానిచ్చేస్తున్నారా?

మూడోది: మన దేశంలో సీటీ యంత్రం నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి, నిర్ణీత కాలానికి నాణ్యతా పరీక్షలు జరగాలి. యంత్రానికి విరాళం ఇచ్చేటప్పుడే ఒక ఫాంటమ్‌కు, ఏటా నిర్వహణకు, పరీక్ష చేసే మెడికల్ ఫిజిసిస్టు సేవలకు కూడా కొంత సొమ్ము కేటాయించాలి. యంత్రం ధర ముందు ఇది చిన్న మొత్తమే.

నాలుగోది: చూసే కన్నుకు తగిన చోటు. వెలుగు తక్కువగా ఉన్న గది, వైద్య చిత్రాల కోసం తయారైన మానిటర్, రేడియాలజిస్టుకు తగిన సమయం. కోట్ల యంత్రం తీసిన చిత్రాన్ని కిటికీ వెలుగు పడుతున్న మామూలు తెర మీద ఆదరాబాదరాగా చూస్తే, ఖర్చంతా అక్కడే పోతుంది.

యంత్రం మీద దాత పేరు రాసిన ఫలకం పెడతారు. అది గౌరవమే. కాని తన పేరున్న యంత్రంలో ఒక కూలీ మనిషి కాలేయంలో శనగగింజంత గడ్డ సమయానికి కనబడిందని, ఒక పసిబిడ్డకు అక్కరలేని రేడియేషన్ తప్పిందని తెలిస్తే దాతకు కలిగే తృప్తి వేరు. ఈసారి మీ ముందు రెండు చిత్రాలు పెట్టినప్పుడు, ఏది బాగుందో చెప్పే ముందు, దేనిలో గడ్డ కనబడుతుందో అడగండి.